జీపు తిరిగే చోటు

“ఆ దొంకను చూసినోడెవడైనా ఈ ఇంట్లో ఆడోళ్ళు ఉండారా, చచ్చినారా అనుకుంటాడు” అన్నాడు హజరత్తయ్య, పప్పన్నంలో నెయ్యి వేయించుకుంటూ.

చెంచులక్ష్మి నెయ్యిగిన్నె పక్కన పెట్టింది. మొగుడు అన్నం తినేటప్పుడు మాటకు మాట చెప్పకూడదని ఆమెకు పుట్టింట్లో నేర్పారు. అన్నం పెట్టే మనిషిని తినేటప్పుడు ఏమైనా అనొచ్చునా అన్నది మాత్రం హజరత్తయ్యకు ఎవరూ నేర్పినట్టు లేదు. ఆయన ఇంకో రెండు ముద్దలు తిని, “జీపు రావాల ఇంటి ముందరికి. అంతే” అన్నాడు.

ఆ ఇల్లు మనుబోలుకూ గూడూరుకూ నడుమ, మద్రాసు రోడ్డుకు తూర్పున, ఊరికి ఎడంగా పొలాల్లో ఉంది. రోడ్డు మీద నుంచి వాకిలి దాకా వచ్చే దారి ఆ దొంక ఒక్కటే. రెండు పక్కలా కలే చెట్లు, బలుసు, నాగజెముడు. నడుమ ఎద్దులబండి పట్టేంత సందు. కార్తీకంలో సముద్రం మీద నుంచి తుఫాను గాలి ఒక ఊపు ఊపి పోయిందంటే చాలు, రెండు పక్కల కంపా వంగి మధ్యకొచ్చి కలుసుకునేది. కింద తుంగ, ఉత్తరేణి మోకాలెత్తు లేచేవి. ఏడాదికొకసారి దాన్నంతా కొట్టి దారి చేసేది చెంచులక్ష్మే. అంతకుముందు ఆమె అత్త వెంకటశేషమ్మ చేసేది. ఎందుకంటే అది ఇంటి దారి. పొలం పనికైతే కూలి ఇవ్వాలి, ఇంటి దారి ఇంట్లోవాళ్ళు చూసుకుంటే పోతుంది. ఆ ఇంట్లో ‘ఇంట్లోవాళ్ళు’ అంటే ఎవరో అందరికీ తెలుసు.

కంప కొట్టడం తేలిక పనేమీ కాదు. ఎడమ చేత్తో పంగలకర్ర పట్టుకుని, ఆ పంగతో కొమ్మను వెనక్కి నెట్టి అదిమిపెట్టాలి. కుడిచేత్తో మచ్చుకత్తి ఎత్తి మొదట్లో వెయ్యాలి. నెట్టిన చెయ్యి ఒక్క క్షణం సడలితే కొమ్మ విసురుగా తిరిగొచ్చి మొహాన కొడుతుంది. చెంచులక్ష్మి కంటి కింద ఒక గీత అట్లా పడిందే. ఆ గీతను చూసి వాళ్ళ ఆడబిడ్డ ఒకసారి “ఏందొదినా, మా అన్న కొట్టినాడా” అని నవ్వింది. అవునన్నా బాగుండేది, కనీసం ఒకరైనా అయ్యో అని ఉండేవాళ్ళు. కంప కొట్టుకుంటే గీసుకుందంటే, అదీ ఒక దెబ్బేనా అన్నట్టు మొహం తిప్పుకుంది. దొంకలో పొద్దుటి నుంచి వంగి, మధ్యలో లేచిపోయి మగవాళ్ళకు వడ్డించి, మళ్ళీ వంగి, పొద్దుగూకినాక నడుం పట్టుకుని వస్తే, అరుగు మీద కూర్చున్న మొగుడు “ఇంత సేపు ఏం జేస్తుండావు, కాళ్ళు కడుక్కునేదానికి నీళ్ళు లేవు ఈడ” అనేవాడు.

ఈ ఏడు అంతకంటే పెద్ద ముచ్చట వచ్చింది. హజరత్తయ్య పోయిన ఎలక్షన్లలో సర్పంచి అయ్యాడు. పంచాయతీ సమితులు వచ్చిన కొత్త. సర్పంచి అయినవాడికి సమితి వైస్ ప్రెసిడెంటు కావాలని ఆశ పుట్టడం సహజమే గదా. సమితి ప్రెసిడెంటు పద్మనాభయ్యను బతిమాలి ఒకరోజు భోజనానికి పిలిచాడు. జీపు దొంకలో పట్టలేదు. పెద్దమనిషి రోడ్డు మీద దిగి నడిచి వచ్చాడు. మలుపు దగ్గరున్న గచ్చపొద ఆయన పట్టు ఉత్తరీయాన్ని పట్టుకుని వదల్లేదు. గుంజితే చర్రున చిరిగింది. “ఏమయ్యా సర్పంచీ, నీ ఇంటికి రావాలంటే ఒంటికి రేకు కట్టుకోవాల్నా” అన్నాడాయన. వెంట ఉన్నవాళ్ళంతా నవ్వారు. హజరత్తయ్య కూడా నవ్వాడు. వాళ్ళు పోయినాక రెండు రోజులు పెళ్ళాంతో మాట్లాడలేదు, ఆ పొదను ఆమే నాటినట్టు.

“ఈసారి మామూలుగా కొట్టేది కాదు. రెండు పక్కలా మొదలంటా తీసెయ్యాల. మలుపు కాడ ఆ గచ్చపొదను పీకి పారేస్తే జీపు తిరిగేదానికి చోటొస్తాది. కూలికి ఏసుమణిని గూడా పిలుచుకో” అని చెయ్యి కడుక్కున్నాడు.

ఆ గచ్చపొద గురించి చెప్పాలంటే ముందు సిగ్గు విడవాలి. ఆ ఇంట్లో ఎవరూ విడవలేదు గనకే ఇంత కథ అయింది. ఇంటి వెనకంతా వరిమడి, కనుచూపు మేర దాపు లేని బయలు. ఒక పక్క గొడ్లచావిడి, కళ్ళం. పాలేర్లు ఎప్పుడూ అక్కడే. ఇంకో పక్క కాలవ గట్టు, దాని మీద వచ్చేపోయే జనం. ఆడవాళ్ళకు మిగిలింది ఆ పొద ఒక్కటే. మగవాళ్ళకు అది ఉత్త ముళ్ళకుప్ప. వెనక పక్క నుంచి వంగి దూరితే లోపల నలుగురు కూర్చునేంత చోటుందని వాళ్ళకు తెలియదు, లేకుంటే తెలియనట్టు ఉండేవాళ్ళు. ‘బయటికి పోయొస్తా’ అంటే అక్కడికే. తెల్లవారకముందు ఒకసారి, దీపాలు పెట్టినాక ఒకసారి. నడుమ ఎంత అవసరమొచ్చినా పళ్ళ బిగువున ఉండడమే. మరీ ఆగకపోతే చెంబును కొంగు కింద దాచుకుని, పొయ్యిలోకి కంపకు పోతున్నట్టు చేత కొడవలి పట్టుకుని పోవడమే.

చెంచులక్ష్మికి ఆ చోటు ఇంకో విధంగా కూడా కావాలి. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ పిలవని చోటు అదొక్కటే. నూతి దగ్గరుంటే పిలుస్తారు, పొయ్యి ముందర ఉంటే పిలుస్తారు, తల దువ్వుకుంటుంటే పిలుస్తారు, కళ్ళు మూసుకుంటే పిలుస్తారు. పొదలో ఉన్న మనిషిని మాత్రం ఎవరూ పిలవరు, వాళ్ళకే సిగ్గు. నాయన పోయినాడని తెలిసిన రోజు కోతలు. కళ్ళంలో కూలివాళ్ళకు సంగటి పెట్టి, పాలేర్లకు పెట్టి, ఇంట్లో వాళ్ళకు పెట్టి, అప్పుడు ఆ పొదలోకి పోయి ఏడ్చింది. పిల్లలిద్దరినీ గూడూరులో మేనమామ ఇంట్లో పెట్టి చదివిద్దామని ఆమెను అడక్కుండానే అనుకున్న రోజూ అక్కడే ఏడ్చింది. ఊరికే కూర్చున్న రోజులూ ఉన్నాయి. ఏ పనీ లేకుండా, ఎవరికీ ఏమీ కాకుండా, ఉత్త చెంచులక్ష్మిగా కాసేపు కూర్చునేది. దానికోసం మనిషి ముళ్ళపొదలో దూరాలా అని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. వేరే చోటు లేదు, అంతే.

అత్త కూడా అక్కడ వేరే మనిషి. ఇంట్లో వెంకటశేషమ్మ నోటికి జడవని ఆడది లేదు. “మీ అమ్మ నీకు చారు కాచేది నేర్పలా? బట్టలుతికిన నీళ్ళు నయం” అనేది. అదే మనిషి పొద లోపల, మోకాళ్ళు పట్టుకుపోయి లేవలేక, “చెయ్యియ్యి తల్లీ” అనేది. ఆ చేతిని పట్టుకుని లేపేటప్పుడు చెంచులక్ష్మికి కోపాలన్నీ ఎక్కడికో పోయేవి. వాకిట్లో అడుగుపెట్టగానే చెయ్యి విడిపించుకుని, “పాలు పొంగిపోతుండాయేమో చూడు” అని అత్త మళ్ళీ అత్త అయిపోయేది.

ఏసుమణి రోడ్డవతల పేటలో ఉంటుంది. కూలికి రావడంలో ఆమెంత నికరమైన మనిషి లేదు. ఇద్దరూ రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టారు. ఒకరు పంగలకర్రతో అదిమితే ఇంకొకరు నరకడం, నరికిన కంపను కర్రతో ఈడ్చుకుపోయి కుప్పవేసి తొక్కడం, మొదళ్ళు గడ్డపారతో పెకలించడం. అరచేతులు బొబ్బలెక్కి, బొబ్బలు చితికి, పసుపూ నూనే రాసుకుని మళ్ళీ పట్టారు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఏసుమణి కర్ర ఆనించి నిలబడింది.

“చిన్నమ్మా, ఇది గూడా కొట్టాల్నా?”

“కొట్టాలంట. జీపు తిరగాలంట.”

“కొడితే మీరు యాడికి పోతారు?”

చెంచులక్ష్మి మొహం తుడుచుకుంది. ఇన్ని రోజులుగా లోపల తొలుస్తున్న మాటను ఇంకొకరు పైకి అనేసరికి కత్తి కింద పెట్టింది. “దీన్ని ముట్టబాక ఏసుమణీ. ఆయనతో చెప్పి చూస్తా” అంది.

హజరత్తయ్య అరుగు మీద పేపరు చదువుతున్నాడు. ఆమె వాకిట్లో నిలబడి మాట కోసం వెతుక్కుంది. ఏ మాటతో చెప్పాలి? ఆయన పక్కన పడుకుంది, ఆయన బిడ్డలను కన్నది, ఆయనకు విరేచనాలు పట్టుకున్న వారమంతా ఆయన బట్టలు ఉతికింది. అప్పుడు ఆయనకు లేని సిగ్గు ఇప్పుడు తనకెందుకు? తనకూ ఒక కడుపుంది, దానికీ అవసరాలుంటాయి అని చెప్పడానికి ఇన్నేళ్ళ కాపురంలో ఒక మాటైనా ఏర్పడలేదు. నాలుక మీదికి వచ్చింది, నాలుక మీదే ఆగిపోయింది.

“ఆ గచ్చపొదను ఉండనీండి” అంది.

“ఎందుకంట?”

“దాంట్లో పాముంది. నాగుబాము. ఏసుమణి చూసిందంట.”

అబద్ధం నోటి నుంచి జారిపోయింది. జారినాక బాగానే ఉందనిపించింది కూడా. నాగులచవితికి పాలు పోసే ఇల్లు. దేవత ఉండే చోటును కొట్టరులే అనుకుంది. హజరత్తయ్య పేపరు దించి ఆమెను చూశాడు.

“పామా? ప్రెసిడెంటు దిగే చోట పామా? ఈ మాట ఇప్పుడా చెప్పేది? కత్తితో కొట్టబోతే కాటేస్తాది, కాల్చాల్సిందే” అని పాలేర్లను కేకేశాడు.

కిరసనాయిలు పోసి అంటించారు. పచ్చి గచ్చతీగ మొదట పొగచూరింది, ఆ తర్వాత అంటుకుంది. గాలి తోడై పొద్దు వాలేలోపల బూడిద అయింది. పాలేర్లు పాము వస్తుందేమోనని కర్రలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. లేని పాము ఎక్కడి నుంచి వస్తుంది. చెంచులక్ష్మి పంగలకర్ర పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఏసుమణి ఆమె వైపు చూడలేదు, అదే నయమనిపించింది.

ఇంట్లోకి పోతే వెంకటశేషమ్మ గడపలో కూర్చుని ఉంది. “ఏం చెప్పినావే వాడితో?”

“పాముందని చెప్పినా అత్తా.”

తిట్టే మనిషి తిట్టలేదు. “నోరు పెగల్లేదా?” అంది.

“నాకు పెగల్లేదు. నీ కొడుకే గదా, నువ్వు చెప్పకూడదా?”

“కొడుకుతోనా” అని ముసలామె లేచిపోయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు చారులో ఉప్పు ఎక్కువైనా ఏమీ అనలేదు.

జీపు వచ్చింది. ప్రెసిడెంటును మళ్ళీ భోజనానికి పిలిచిన రోజున, దొంకలో హాయిగా వచ్చి, మలుపు దగ్గర గుండ్రంగా తిరిగి వాకిట్లో ఆగింది. “ఇదీ దోవంటే” అన్నాడు పద్మనాభయ్య. “నేనే దగ్గరుండి చేయించినానండీ” అన్నాడు హజరత్తయ్య. పన్నెండు మందికి వంట. చెంచులక్ష్మి కోడి కూయకముందే లేచింది గానీ, పాలేర్లు అప్పటికే దీపాలు పట్టుకుని వాకిలి చిమ్ముతూ నీళ్ళు చల్లుతూ దొంకంతా తిరుగుతున్నారు. ఎక్కడికీ పోలేకపోయింది. పొత్తికడుపు బిగబట్టుకుని రొయ్యల పులుసు పెట్టింది, గారెలు వేసింది, వంగి లేచి వడ్డించింది. ప్రతి వంగడమూ ఒక పోటు. “మీ ఇంటావిడ చేతి వంట బ్రహ్మాండం” అన్నారెవరో. భోజనాలై తాంబూలాలు నములుతూ మగవాళ్ళంతా ఆ కొత్త దారి మీదికి పోయి, అటు తిరిగి వరసగా ఒంటికి కూర్చున్నారు, ముచ్చట్లు ఆపకుండానే. వంటింటి కిటికీలోంచి ఆమె చూసింది. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. అంత మంట తనలో ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

పొద కాలిన రోజు మొదలు, మద్రాసు రోడ్డు దాటి అవతలి బీడుకు పోవాల్సి వచ్చింది. అక్కడ దాపంటే చీకటే. ఆ చీకటిని లారీలు ఉండనిస్తే గదా. దూరం నుంచి లైట్లు పడగానే లేచి నిలబడి, మొహం అటు తిప్పుకోవాలి. అది పోయిందని కూర్చుంటే వెనకనే ఇంకోటి. చెంచులక్ష్మి అయితే లేస్తుంది. వెంకటశేషమ్మ మోకాళ్ళు లేవనిచ్చేవా? ఒకరోజు ఆమె లేవలేక లైట్లలో అట్లాగే ఉండిపోయింది. లారీ మీద ఉన్నవాడెవడో ఈలవేసి ఏదో అని నవ్వుకుంటూ పోయాడు. కోడలు కొంగు విప్పి అడ్డం పట్టినా అప్పటికే ఆలస్యమైపోయింది. ముసలామె ఇంటికి వచ్చేదాకా కొంగు మొహం మీద నుంచి తీయలేదు. ముగ్గురు బిడ్డలను కాటికి పంపినప్పుడు కూడా అంతగా ముడుచుకుపోలేదని తర్వాత చెంచులక్ష్మి ఏసుమణితో చెప్పుకుంది.

మర్నాటి నుంచి వెంకటశేషమ్మ రాత్రి అన్నం మానేసింది. అడిగితే “ఇయ్యాల శనివారం” అంది. ఆ పైన ఏకాదశి, సోమవారం, ఎవరూ వినని ఏవేవో వ్రతాలు. తర్వాత పగటిపూట కూడా రెండు ముద్దలే. తర్వాత మంచినీళ్ళు తాగడం తగ్గించింది. “మా అమ్మ నిష్ఠ చూడు. నువ్వూ ఉండావు ఎందుకు, పూటకు ఇంత కుమ్ముతావు” అన్నాడు హజరత్తయ్య. తల్లంటే ఆయనకు ప్రాణమే, అందులో అబద్ధం లేదు. రోజూ పొద్దున్నే వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టేవాడు. ఆమె ఎందుకు తినడం లేదని మాత్రం అడగలేదు. భక్తి అనుకుంటే అడగాల్సిన పని లేదు గదా.

ఏసుమణి ఒకరోజు మెల్లగా చెప్పింది. “మా పేట ఎనక తాటితోపుంది చిన్నమ్మా. కింద ఈతపొదలుండాయి, మొగోళ్ళు రారు. మీకు అభ్యంతరం లేకపోతే రండి.” చెంచులక్ష్మి పోయింది. అక్కడి ఆడవాళ్ళు ఆమెను చూసి మొదట లేచి నిలబడ్డారు, ఆ తర్వాత జరిగి చోటిచ్చారు. అత్తను కూడా తీసుకుపోదామనుకుంది. “నేను ఆ పక్క అడుగుపెట్టను” అంది వెంకటశేషమ్మ. ఆకలి పోయింది, దప్పిక పోయింది, ఆ పట్టింపు మాత్రం పోలేదు. చెంచులక్ష్మికి ఆమె మీద జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

వారం తిరక్కముందే హజరత్తయ్య చెవిన పడింది. “ఆ పేట పక్కకు పోతుండావంట. సర్పంచి పెళ్ళాం పోయే చోటా అది?” అన్నాడు.

“మరి యాడికి పోవాల?”

“ఛీ, మొగోడితో మాట్టాడే మాటలేనా ఇయ్యి” అని కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె అట్లాగే కూర్చుండిపోయింది. అంటే ఈయనకు తెలుసు. పోవద్దని చెప్పేటంత తెలుసు, ఎక్కడికి పోవాలో చెప్పేటంత మాత్రం తెలియదు. ఆ పాము మాట కూడా ఆ రోజు నమ్మాడో లేదో. నమ్మకపోయినా కాల్చి ఉండేవాడే. తన అబద్ధం వల్లే పొద పోయిందని ఇన్నాళ్ళూ లోలోపల కుమిలింది. నిజం చెప్పి ఉంటే మిగిలేదా? మిగిలేది కాదేమో. కానీ చెప్పి ఉంటే, ఆయన తెలిసి కాల్చినట్టు అయ్యేది. ఇప్పుడాయన తెలియనివాడు, మంచివాడు, తల్లికి దణ్ణం పెట్టే కొడుకు.

వెంకటశేషమ్మకు చలిజ్వరం పట్టుకుంది. పొత్తికడుపు నొప్పి, మంట. మనుబోలు నుంచి వచ్చిన కాంపౌండరు నాడి చూసి, బయటికి పోయి అరుగు మీద హజరత్తయ్యను అడిగాడు, ఒంటికి పోకుండా బిగబట్టే అలవాటేమైనా ఉందా అని. “అట్లాంటిదేం లేదండీ” అన్నాడు కొడుకు. మంచం మీద ఉన్న మనిషిని ఎవరూ అడగలేదు. పక్కనే నిలబడిన కోడలిని అంతకన్నా అడగలేదు. బార్లీ నీళ్ళు బాగా తాగించమని మందు రాసిచ్చి పోయాడు.

చెంచులక్ష్మి మంచం కింద మట్టి ముంత పెట్టింది. “దేవుడి పటాలున్న ఇంట్లోనా” అని ముసలామె కాలితో తన్నింది. బార్లీ నీళ్ళు కాచి ఇస్తే తాగినట్టే ఉండేది. ఒకరోజు ఊడుస్తుంటే తెలిసింది, ఇచ్చిన నీళ్ళన్నీ మంచం వెనక గోడ మూలకు పారబోస్తున్నదని. మట్టిగోడ అడుగంతా తడి.

“ఎందుకత్తా ఇట్టా చేస్తుండావు?”

“తాగితే పోవాల గదమ్మే.”

“ఈడనే పో. నేను ఎత్తిపోస్తా. నాకేం కష్టం?”

వెంకటశేషమ్మ పైకప్పు వైపు చూస్తూ, “నా అత్తకు నేనెత్తినా. ఆరేండ్లు. అన్నం కలుపుకుంటే చేతికి ఆ వాసనే. నీచేత గూడా ఎత్తించను. నిన్ను శానా తిట్టినా గానీ, ఇది మాత్రం చేయించను” అంది.

ఆ ఇంటికి కోడలిగా వచ్చినాక అత్త ఆమెకు చేసిన ఒక్క మేలు అది. చెంచులక్ష్మి ఆ ఎండిపోయిన చేతిని పట్టుకుని ఏడ్చింది. మొదటిసారి ఇంట్లో, అందరూ వినేటట్టు ఏడ్చింది. ఎవరూ రాలేదు. జ్వరం తలకెక్కి, మొహం ఉబ్బి, వారం పది రోజులు మూలిగి, ఒకనాటి పొద్దున వెంకటశేషమ్మ పోయింది. స్నానం చేయించేటప్పుడు ఆ ఒంటిలో మనిషి బరువే లేదు.

నాలుగో రోజు పరామర్శకు జీపు వచ్చింది. దారి బాగుండబట్టి నేరుగా వాకిట్లోకే. అరుగు మీద పద్మనాభయ్య, ఆయన వెంట వచ్చినవాళ్ళు, ఊరి పెద్దలు. ఏసుమణి పేట నుంచి వచ్చి గొడ్లచావిడి దగ్గర నిలబడి ఉంది. చెంచులక్ష్మి వాకిలి తలుపు వెనక కూర్చుంది.

“ఏం జబ్బయ్యా అమ్మకు?” అడిగాడు పద్మనాభయ్య.

“జబ్బు కాదండీ, ఉపోషాలు. ఎంత చెప్పినా వినలా. దైవభక్తి” అన్నాడు హజరత్తయ్య.

“పుణ్యాత్మురాలు. ఈ కాలంలో ఎవరుండారయ్యా అట్టా. ఒక పని చేద్దాం. ఈ దోవకు సమితి నుంచి గ్రావెల్ తోలిస్తా. మొదట్లో రాయి పాతించి అమ్మ పేరు పెడదాం. వెంకటశేషమ్మ గారి దోవ అని.”

హజరత్తయ్య కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. బాగుంది బాగుంది అన్నారు అందరూ. తలుపు వెనక చెంచులక్ష్మి ఆ మాట వింది. ఏ దారి చెయ్యడానికి ఆ ముసలామెకు కూర్చునే చోటు లేకుండా చేశారో ఆ దారికే ఆమె పేరు. ఇప్పుడు ఊరుకుంటే రాయి మీద చెక్కిన అబద్ధం తన పాము అబద్ధంలా గాలికి పోదు, నిలిచిపోతుంది. రేపు తన మోకాళ్ళు పట్టుకుపోయినాక తన ఉపవాసాలను కూడా ఇట్లాగే పొగుడుతారు. ఆమె లేచి గడప దాటి అరుగు మీదికి వచ్చింది. మగవాళ్ళ మధ్యకు ఆమె అట్లా రావడం అదే మొదలు.

“ఆ పేరు పెట్టబాకండి” అంది.

అందరూ తలెత్తారు. “ఏందిమే, లోపలికి పో” అన్నాడు హజరత్తయ్య.

“మా అత్త ఉపోషాలుండి పోలా. దొడ్డికి కూర్చునేదానికి చోటు లేక పోయింది. మలుపు కాడ మీరు కాల్చిన పొదే ఆడోళ్ళకుండిన చోటు. అది పోయినాక రోడ్డవతల లారీల ఎదర కూర్చోలేక, తింటే పోవాల్సొస్తాదని అన్నం మానుకొనింది. తాగితే పోవాల్సొస్తాదని నీళ్ళు మానుకొనింది. అట్టా చచ్చిపోయింది. పాముందని నేను అబద్ధం చెప్పినా, ఈ మాట చెప్పేదానికి సిగ్గుపడి. ఇప్పుడు సిగ్గు లేదు.”

పద్మనాభయ్య చేతి కర్ర వైపు చూసుకున్నాడు. ఒకాయన దగ్గాడు. హజరత్తయ్య మొహంలో నెత్తురు లేదు. నోరు తెరిచాడు, మాట రాలేదు. ఇన్నేళ్ళూ తన నోట్లో ఆగిపోయిన మాటలాంటిదే ఇప్పుడు ఆయన నోట్లో ఆగిపోవడం చెంచులక్ష్మి చూసింది. సంతోషమేమీ కలగలేదు. పోయిన మనిషి రాదు. వీళ్ళంతా వెళ్ళినాక ఈ ఇంట్లో ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. అయినా భయం వెయ్యలేదు, అదే ఆమెకు వింతగా ఉంది.

అరుగు దిగి గొడ్లచావిడికి పోయింది. మూల నుంచి గడ్డపార తీసుకుంది. “ఏసుమణీ, ఆ సరుగుడు గుంజలు పట్టుకో. ఆడోళ్ళకు దడి కట్టాల” అంది. ఏసుమణి అరుగు మీదున్న మగవాళ్ళను ఒకసారి చూసి, రెండు గుంజలు భుజాన వేసుకుని వెంట నడిచింది. మలుపు దగ్గర, చక్రాల గుర్తులు గుండ్రంగా తిరిగిన చోట, సరిగ్గా నడిమధ్యన చెంచులక్ష్మి గడ్డపార దించింది. నేల మెత్తగానే ఉంది. మొదటి గుంజ నిలబెట్టి మట్టి కూరి కాలితో తొక్కింది. రెండోదానికి గుంట తవ్వుతుంటే హజరత్తయ్య పరుగులాంటి నడకతో వచ్చాడు. అందరి ఎదుట అరవలేక గొంతు తగ్గించాడు.

“ఈడ గుంజలు పాతితే జీపు యాడ తిరుగుతాదే?”

ఆమె తల ఎత్తలేదు. “తిరగాల్సిన పన్లేదు. వచ్చిన దోవనే ఎనక్కి పొమ్మను” అంది.